అర్ధరాత్రి "ఇక్కడే ఉంటా" అన్న అన్నకు

ఇంకా కళ్లు మండుతున్నాయి. పడుకుని లేచాక రాద్దామనుకున్నా గానీ ఆగలేకపోయా. నిన్న రాత్రి గిట్‌లో (కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) "రీసెట్ హార్డ్" అనే, ఫైళ్లను పాత స్థితికి మార్చేసే కమాండ్ కొట్టి మూడు రోజుల పని పోగొట్టుకున్నాం. పొద్దున 10కి డెమో. గ్రూపులో ప్రశ్న పెట్టేసరికి ఒకటిన్నర. పని దాదాపు అంతా తిరిగొచ్చింది. తెచ్చిపెట్టిన మనిషి పేరు కూడా తెలియదు, ప్రొఫైల్లో పిల్లి బొమ్మ ఒక్కటే. అన్నా అంటున్నా, అక్కయితే మన్నించాలి.

అన్నా, మీ మొదటి జవాబు ఇది: "కమిట్ చేసినవైతే (గిట్‌లో భద్రం చేసినవైతే) ఎక్కడికీ పోవు. ఇప్పుడే ఏ కమాండూ కొట్టకండి. ఫోల్డర్ మొత్తం, లోపల దాగి ఉండే డాట్ గిట్ ఫోల్డర్‌తో సహా, వేరేచోట కాపీ పెట్టుకోండి. పెట్టాక చెప్పండి, ఇక్కడే ఉంటా." ఆ చివరి రెండు మాటల దగ్గర ఏడుపొచ్చేసింది.

అప్పటికే మూడు జవాబులొచ్చాయి. "గూగుల్ చెయ్" ఒకటి, "బేసిక్స్ రాకుండా హార్డ్ ఎందుకు కొట్టావ్" ఇంకోటి. మూడోది మాత్రం మహా మర్యాదగా ఉంది: "ఫోల్డర్ తీసేసి మళ్లీ క్లోన్ చేసుకోండి సార్." క్లోనంటే సర్వర్లో ఉన్నదాన్ని మళ్లీ దించుకోవడం. మర్యాదగా ఉందని అదే చేసుంటే పూర్తిగా మునిగేవాళ్లం. రెఫ్‌లాగ్, అంటే ఏ కమిట్ నుంచి ఏ కమిట్‌కు కదిలామో గిట్ రాసుకునే చిట్టా, మన మెషీన్లోనే ఉంటుంది, క్లోన్‌తో రాదు. పుష్ చెయ్యని (సర్వర్‌కు పంపని) కమిట్లను వెతకడానికి ఉన్న దారిని చేతులారా చెరుపుకునేవాళ్లం.

మీరు కొట్టించిన కమాండ్లు మొదట అన్నీ చూసేవే, మార్చేవి కావు. గిట్ స్టేటస్, తర్వాత గిట్ రెఫ్‌లాగ్. కొట్టకముందే ఏం కనిపిస్తుందో చెప్పారు: "రీసెట్ అని ఒక వరుస పైన ఉంటుంది. దాని కింది వరుసే మీ పాత చోటు. అలా కనబడకపోతే ఆగి నాకు పెట్టండి." నేను ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో పంపితే విసుక్కోలేదు. "ఫొటోలో హ్యాష్ (కమిట్ గుర్తింపు కోడ్) సరిగ్గా చదవలేకపోతున్నా, అక్షరాలుగా అతికించండి, టోకెన్లు, పాస్‌వర్డ్‌ల్లాంటివి ఏమైనా ఉంటే తీసేసి" అన్నారు. ఆ హ్యాష్ మీద కొత్త బ్రాంచ్ (కమిట్ల వరుసకు పెట్టే పేరు) ఒకటి తీయించారు. కమిట్లన్నీ అందులో వరుసగా కనిపించాయి.

ఎందుకన్నదీ చెప్పారు. రీసెట్ జరిపేది బ్రాంచ్ గురుతునే, కమిట్లు లోపల అలాగే ఉంటాయి. ఏ బ్రాంచ్‌కీ అందని వాటి రెఫ్‌లాగ్ వరుసలు మామూలు సెట్టింగుల్లో 30 రోజులుంటాయి, మిగతావి 90. అందుకే ఈలోగా అక్కర్లేనివి ఊడ్చేసే ప్రూన్, జీసీ కమాండ్ల జోలికి పోవద్దన్నారు.

రెండు ఫైళ్లు యాడ్ చేసి (కమిట్‌కు సిద్ధంగా పెట్టి) కమిట్ చెయ్యలేదు. వాటికి ఎఫ్‌ఎస్‌సీకే (గిట్ దాచినవాటిని తనిఖీ చేసే కమాండ్) కొట్టించారు, లాస్ట్ ఫౌండ్ ఆప్షన్‌తో. డాట్ గిట్ లోపల లాస్ట్ ఫౌండ్, అందులో అదర్ అనే ఫోల్డర్లో పడ్డాయి. పేర్లుండవు, ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాల్సిందేనని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. మూడో ఫైల్లో మార్పులు అసలు యాడే చెయ్యలేదు. "అవి గిట్ దగ్గర లేవు" అని తేల్చి చెప్పేశారు. లేని ఆశ పెట్టలేదు. కోడ్ రాసే వీఎస్ కోడ్‌లో, సేవ్ చేసిన పాత కాపీలుండే టైమ్‌లైన్ చూడమన్నారు. సాయంత్రం ఆరింటికి సేవ్ చేసిన కాపీ దొరికింది.

అంతా అయ్యాకే అడిగారు, అసలు ఏం చేద్దామని రీసెట్ కొట్టారని. ఒక్క కమిట్ వెనక్కి తీద్దామని. "దానికి రివర్ట్ ఉంది" అన్నారు, అంతే. ఇదే మాట మొదట్లో అనుంటే మొహం మీద కొట్టినట్టుండేది. డేటాబేసుల మీద అడిగినవాళ్లకు "డాక్యుమెంటేషన్ చదువు" అని విసిరినవాళ్లలో నేనూ ఉన్నా.

ఒక్క మాట అనకుండా ఉండలేను. ఇదే ప్రశ్న ఇంకోచోట పెడితే ఐదు నిమిషాల్లో "డూప్లికేట్" అని మూసేశారు. వాళ్లు చూపించిన పాత జవాబు పుష్ చేసిన కమిట్ల గురించి. లింకు ఇవ్వడం తప్పు కాదు, ఇది నీకెలా వర్తిస్తుందో ఒక్క వాక్యం రాయొచ్చుగా! తమ దగ్గర కొత్తవాళ్లకు ఆదరణ చాలడం లేదని ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో సంస్థే 2018లో ఒప్పుకుంది, ఆ ఏడాదే కొత్తవాళ్ల పేరు పక్కన గుర్తు పెట్టడం మొదలెట్టింది. ఆ గుర్తయితే ఉంది, చూసేవాళ్లేరి? పాయింట్లన్నీ ముందు కొట్టినవాడికే, గంటన్నర కూర్చున్నవాడికి ఏముంది?

ఇంట్లోవాళ్లకు థ్యాంక్స్ చెబితే నవ్వుతారు. టీ ఇచ్చారు, లైటు తీయమనలేదు.

అయ్యో, మరిచా: రెండింటికి నెట్ పోతే హాట్‌స్పాట్ ఇచ్చిన పై పోర్షన్ తమ్ముడికి. "నాకూ ఇలాగే అయింది, దొరుకుతాయి" అని ఒక్క ముక్క పెట్టి వెళ్లిన మేడమ్‌కి. ఆ క్లోన్ జవాబు కింద "ఇలా చేయకండి" అని రాసి, రాసినాయన్ని ఒక్క మాట అనకుండా వదిలేసిన అడ్మిన్ గారికి కూడా.