బాణం తగిలాక ఏం జరిగిందో కూడా చూపించమనండి

గౌరవనీయులైన ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను వీడియో ఎడిటర్‌ని. రెండేళ్ల పాటు ఒక టీవీ వేట కార్యక్రమానికి పనిచేశాను. నేనెప్పుడూ వేటకు వెళ్లలేదు, తుపాకీ పట్టలేదు. కానీ వేటగాళ్ల వెంట వెళ్లిన కెమెరాలు తెచ్చిన రషెస్ (ఎడిట్ చేయని ఫుటేజ్) మొత్తం, గంటలకు గంటలు, కూర్చుని చూసింది నేనే. అందులోంచి 22 నిమిషాలు మిగిల్చి, మిగతాదంతా పక్కన పడేసిందీ నేనే. ఆ పక్కన పడేసిన దాని గురించే మీకు రాస్తున్నాను.

ఒక ఎపిసోడ్ సంగతి చెప్తాను. సాయంత్రం వెలుగు తగ్గుతుండగా ఒక మగ జింక మంచె ముందుకు వచ్చింది. వేటగాడు బాణం వదిలాడు. అది తగలాల్సింది ముందుకాలి వెనుక, ఊపిరితిత్తుల్లో. అక్కడ సరిగ్గా తగిలితే జంతువు కాసేపట్లోనే పడిపోతుంది. ఈ బాణం పొట్టలో దిగింది. పొట్టలో తగిలిన జింక వెంటనే చావదు. వెంటనే దాని వెనక పడకూడదు కూడా. తరిమితే ఇంకా దూరం పోయి, ఎవరికీ దొరకని చోట చస్తుంది. గంటల తరబడి ఆగడం తప్ప వేరే దారి లేదు. ఆ సంగతి తెలిసిన గైడ్ అందర్నీ వెనక్కి తీసుకెళ్లాడు. ఆ రాత్రి వేటగాడు భోజనం చేయలేదు. ఒక్కడే బయట కూర్చున్నాడు. "కెమెరా ఆపండి" అన్నాడు. ఆ మాట వరకు రికార్డయింది. మర్నాడు పొద్దున రక్తపు చుక్కల వెంట మూడు గంటలు వెతికితే జింక దొరికింది. అది ఏ జామున ప్రాణం వదిలిందో ఎవరికీ తెలియదు.

ప్రసారమైంది మాత్రం ఇదీ: బాణం, స్లో మోషన్, మ్యూజిక్, ఆ వెంటనే కొమ్ములు పట్టుకుని నవ్వుతున్న వేటగాడు. "ఎంతో దూరం పోలేదు" అని వాయిస్ ఓవర్‌లో ఒక మాట చేర్చాం. సాయంత్రపు వెలుగుకీ పొద్దుటి వెలుగుకీ తేడా తెలియకుండా కలర్ సరిచేసింది నేనే. ఆ నవ్వే షాట్ తీయడానికి ముందు ఏం చేశారో కూడా రషెస్‌లో ఉంది. వేలాడుతున్న నాలుకను లోపలికి తోశారు. మూతి మీది రక్తం తుడిచారు. కాళ్లు మడిచి, గాయం అవతలి వైపు ఉండేలా తిప్పి పడుకోబెట్టారు. ఒక రాత్రంతా ఒక్క కట్‌లో మాయమైంది. చూసినవాళ్లు ఆ జింక హాయిగా పోయిందనుకున్నారు.

మంత్రి గారూ, మనందరికీ తెలిసిన ఒక వేట కథ ఉంది. చీకట్లో నీటి చప్పుడు విని, ఏనుగు అనుకుని, దశరథుడు బాణం వేశాడు. కుండ ముంచుతున్న కుర్రాడికి తగిలింది. ఆ కథలో బాణం వదలడానికి పట్టింది ఒక్క క్షణం. అసలు కథంతా ఆ తర్వాతిదే. దగ్గరికి వెళ్లి చూడటం, కొనఊపిరితో ఉన్నవాడి మాట వినడం, నీళ్లు మోసుకెళ్లి చూపులేని తల్లిదండ్రుల ముందు నిలబడి 'చంపింది నేనే' అని చెప్పడం. నేను ఎడిట్ చేసిన కార్యక్రమాల్లో కథ బాణం దగ్గరే అయిపోయేది.

వేటకు నీతి లేదని నేను అనడం లేదు. ఉంది, అదీ వేటగాళ్లే పెట్టుకున్నది. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్ 1887లో మొదలుపెట్టిన వేటగాళ్ల సంఘం బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ 'ఫెయిర్ చేజ్' అనే మాటకు కట్టుబడింది. జంతువుకు తప్పించుకునే అవకాశం నిజంగా ఉండాలి, లేకపోతే అది వేట కాదు అని దాని అర్థం. తప్పించుకోలేని కంచెల లోపల చంపిన జంతువును ఆ క్లబ్ తన రికార్డుల్లోకి ఎక్కించుకోదు.

అదే రూజ్‌వెల్ట్ 1902లో మిసిసిపీలో వేటకు వెళ్లాడు. కుక్కలు తరిమి పట్టిన ఎలుగుబంటిని ఆయన కోసం చెట్టుకు కట్టి ఉంచారు. కట్టేసిన జంతువును కాల్చనన్నాడు. పత్రికలో కార్టూన్ వచ్చింది, దాని నుంచి టెడ్డీ బేర్ బొమ్మ పుట్టింది. అందరికీ తెలిసింది ఇంతవరకే. ఆ ఎలుగుబంటి అప్పటికే బాగా దెబ్బలు తిని ఉంది. దాని బాధ ముగించమని ఆయనే చెప్పాడు, కత్తితో చంపారు. మంచి వేటగాడి గురించి ప్రపంచమంతా చెప్పుకునే కథలోంచి కూడా ఆ చావును కత్తిరించేశారు. ఎడిటింగ్ అప్పుడే మొదలైంది.

అమెరికా అటవీ అధికారి ఆల్డో లియోపోల్డ్ దీని గురించి ఒక మాట అన్నాడు. వేటగాడికి సాధారణంగా చప్పట్లు కొట్టేవాళ్లు గానీ, తప్పు పట్టేవాళ్లు గానీ ఎదురుగా ఉండరు, అతను ఎలా నడుచుకుంటాడన్నది అతని మనస్సాక్షికే వదిలేసిన సంగతి అని దాని సారం. టీవీ వచ్చి ఆ అడవిలోకి లక్షల మంది ప్రేక్షకుల్ని తెచ్చి కూర్చోబెట్టింది. వాళ్లు చప్పట్లు కొట్టేదాన్ని మాత్రమే చూపిస్తోంది.

చప్పట్లు దేనికి వస్తాయో నాకు తెలుసు. ప్రతి ఎపిసోడ్‌లో ఒక జంతువు పడాలి. నాలుగు రోజులు మంచె మీద కూర్చుని ఖాళీ చేతులతో దిగినవాళ్ల ఫుటేజ్ నా దగ్గరికి వచ్చేది. గాలి మారిందని, జింక ఎదురుగా నిలబడింది తప్ప పక్కకు తిరగలేదని, వెనక ఇంకో జంతువు ఉందని గురి దించేసినవాళ్లు వాటిలో కనిపించేవాళ్లు. రెండేళ్లలో నేను చూసిన వాటిలో గొప్పవి అవే. వేటలో నేర్పు, దయ రెండూ ఉన్నది అక్కడే. ఒక పెద్దాయన నిమిషం పైగా విల్లు లాగి పట్టుకుని, చేతులు వణుకుతుండగా, మెల్లగా సడలించి దించేశాడు. ఆ షాట్‌ను మూడుసార్లు టైమ్‌లైన్‌లో పెట్టాను. మూడుసార్లూ తీసేయమన్నారు. "ఏమీ జరగలేదు కదా" అన్నారు.

దూరాల పోటీ ఇంకొకటి. తొమ్మిది వందల మీటర్ల అవతలి జంతువును కాల్చడం ఇప్పుడొక ఘనత. అంత దూరం చేరడానికి తూటాకు సెకనుకు పైగా పడుతుంది. ఆ సెకనులో జంతువు ఒక్క అడుగు వేస్తే చాలు, గుండెకు పెట్టిన గురి పొట్టకు తగులుతుంది. అలా గాయపడి పోయినవాటిని ఎవరూ చూపించరు. చూపించేది తుపాకీ మీది స్కోప్‌ను, అంటే గురి చూసే దుర్భిణిని. ఎందుకంటే కార్యక్రమానికి డబ్బు ఇచ్చింది చాలాసార్లు దాన్ని తయారుచేసిన కంపెనీయే.

గాయపడి తప్పించుకున్న జంతువులు అక్కడొకటి ఇక్కడొకటి అనుకోకండి. డెన్మార్క్‌లో 1990ల్లో పింక్ ఫుటెడ్ గూస్ అనే వలస పక్షుల్ని పట్టి ఎక్స్‌రే తీశారు. ఎదిగిన పక్షుల్లో మూడో వంతుకు పైగా ఒంట్లో తుపాకీ గుళ్లు మోసుకుని ఎగురుతున్నాయని తేలింది. అప్పుడు ఆ దేశం దాన్ని దాచిపెట్టలేదు. 1997 నుంచి వేటగాళ్లతో కలిసి, దగ్గర నుంచే కాల్చాలని, అనుమానం ఉంటే అసలు కాల్చకూడదని ప్రచారం చేసింది. తర్వాత గుళ్లు మోసే పక్షుల సంఖ్య తగ్గింది. లోపం ఒప్పుకుంటేనే అది సాధ్యమైంది. టీవీ వేటలో లోపమే కనిపించదు, ఇక దిద్దుకునేది ఏముంటుంది?

2013లో అమెరికాలో ఎన్‌బీసీ స్పోర్ట్స్ చానల్‌లో ఒక వేట కార్యక్రమంలో ఏనుగును కాల్చి చంపడం, ఆ తర్వాత సంబరం చేసుకోవడం ప్రసారమైంది. పెద్ద గొడవయ్యాక ఆ కార్యక్రమాన్నే చానల్ ఆపేసింది. ఆపేయడం మంచిదే. కానీ గొడవయ్యాక తీసేయడాన్ని నియమం అనలేం. ఏనుగు కాబట్టి గొడవైంది. నేను చెప్పిన జింక కోసం ఎవరూ గొడవ చేయరు.

మిమ్మల్ని నిషేధం అడగడం లేదు. నిషేధిస్తే ఇవే దృశ్యాలు ఇంకా కురచగా, ఇంకా అబద్ధంగా ఫోన్లలోకి పోతాయి. నేను అడిగేది నిజం చెప్పించమని. ప్రతి వేట ఎపిసోడ్ చివర తెర మీద స్పష్టంగా రాయించండి: ఇది కంచె లోపల జరిగిందా, ఎర పెట్టారా, ఎన్ని రోజులు పట్టింది, ఎన్నిసార్లు కాల్చారు, ఎంత దూరం నుంచి, గాయపడి దొరకకుండా పోయినవి ఎన్ని. తర్వాత నటించి తీసిన షాట్లకు 'మళ్లీ తీసినది' అని వేయించండి. బాణం తీస్తున్న చేయి, గురి చూస్తున్న కన్ను క్లోజప్‌లో కనిపిస్తాయే, వాటిలో చాలావరకు జంతువు పడిపోయాక తీసినవే. రషెస్‌ను కనీసం కొన్నేళ్లు దాచి, వన్యప్రాణి అధికారులు అడిగితే ఇచ్చేలా లైసెన్స్‌లోనే షరతు పెట్టండి. అమెరికాలో అక్రమంగా వేటాడిన జంతువుల రవాణా, అమ్మకాలను అడ్డుకునే 1900 నాటి లేసీ చట్టం కింద వేట కార్యక్రమాలు నడిపేవాళ్లకే శిక్షలు పడిన కేసులు ఉన్నాయి. కాబట్టి ఇది ఊరికే అనుమానంతో అడుగుతున్నది కాదు.

పిల్లలు చూస్తారు కదా, అంత బాధ చూపించడం ఎందుకని చానళ్లు అంటాయి. చావును చూపించడానికి అడ్డురాని పిల్లలు, దాని నొప్పి దగ్గరే ఎందుకు అడ్డొస్తారు? పిల్లలు చూడకూడనిదైతే మొత్తం ఎపిసోడే రాత్రి పొద్దుపోయాక వేయాలి. నిజం చూపిస్తే వేట మీద ఇష్టం పోతుందని ఇంకొందరు అంటారు. కెమెరా ఆపమన్న ఆ వేటగాడు మరుసటి ఏడాది మళ్లీ వచ్చాడు. ముప్పై అడుగుల లోపు వస్తేనే బాణం వేస్తానని గైడ్‌కి ముందే చెప్పాడు. వారం రోజులున్నాడు, ఏదీ అంత దగ్గరికి రాలేదు, విల్లు సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ వారం ఫుటేజ్ మొత్తం నేను చూశాను. ఒక్క నిమిషం కూడా ప్రసారం కాలేదు.

ఆ జింక ఎపిసోడ్ మాత్రం ఇప్పటికీ మళ్లీ మళ్లీ వేస్తున్నారు. మీ శాఖ విచారణ జరిపితే వచ్చి, ఏ కట్ ఎక్కడ పడిందో, దాని వెనక ఎన్ని గంటలు ఉన్నాయో ఒక్కొక్కటిగా చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక వీడియో ఎడిటర్