సూర్యలంకలో బింబానికి ముందున్న అరగంట

గుంటూరు, బ్రాడీపేట.

ప్రియ మిత్రునికి,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. విజయవాడలో కొత్త కెమెరా కొన్నావనీ, సంక్రాంతి సెలవులకు ఇక్కడికి వచ్చినప్పుడు సూర్యలంక ఒడ్డున సూర్యోదయం ఫొటోలు తీయాలని ఉందనీ చదివి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. మూడు చలికాలాలుగా తెల్లవారుజామున ఆ తీరానికి వెళ్లి వస్తున్నాను కనుక, నాకు తెలిసినదంతా తీరిగ్గా రాస్తున్నాను.

సూర్యోదయం అనగానే అందరి చూపూ ఎర్రటి బింబం మీదే ఉంటుంది. నా మట్టుకు అసలైన ఫొటోలన్నీ బింబం కనబడక ముందున్న అరగంటలోనే దొరికాయి. నీటి అంచున తొంగిచూసిన సూర్యుడు పూర్తిగా పైకి రావడానికి మన ప్రాంతంలో రెండున్నర నిమిషాలైనా పట్టదు. ఆ వెంటనే ఆకాశం మరీ తెల్లబడి, ఒడ్డు మరీ నల్లబడి, రెంటినీ ఒకే ఫొటోలో ఇమడ్చడం కష్టమవుతుంది. అదే సూర్యుడు ఇంకా దిగంతానికి ఆరు డిగ్రీల కింద ఉన్నప్పుడు, అంటే సూర్యోదయానికి ఇరవై మూడు నిమిషాల ముందు, తడి ఇసుక అద్దంలా మారి ఆకాశంలోని ఊదారంగునూ గులాబీరంగునూ తనలోకి తీసుకుంటుంది. జనవరి మధ్యలో అక్కడ సుమారు 6:40కి సూర్యోదయం కాబట్టి, మనం 5:50కల్లా నీటి దగ్గర ఉండాలి. పొన్నూరు, బాపట్ల మీదుగా అరవై కిలోమీటర్ల దారి, పైగా మంచు, నాలుగింటికే బయలుదేరుదాం.

నువ్వు సంక్రాంతికి రావడం ఒక విధంగా మన అదృష్టమే. అక్కడి తీరం నేరుగా తూర్పుకు తిరిగి లేదు, దక్షిణానికి బాగా ఒరిగి ఉంటుంది. చలికాలంలో సూర్యుడు తూర్పు నుంచి ఇరవై డిగ్రీలకు పైగా ఆగ్నేయానికి జరుగుతాడు కనుక, సముద్రానికి ఎదురుగా నిలబడితే ఎడమచేతి వైపు నీళ్లలోంచే పైకి వస్తాడు. జూన్‌లో వెళ్లినవాళ్లు మాత్రం ఆయన్ను ఒడ్డు వెంబడి సరుగుడు చెట్ల వైపు వెతుక్కోవలసి వస్తుంది.

ఇక అలల సంగతి. చాలామంది అల మీదికి వస్తున్నప్పుడు మీట నొక్కుతారు. అప్పుడు నురుగంతా తెల్లని ముద్దగా పడుతుంది. అల వెనక్కి మళ్లే క్షణం కోసం ఆగు. ఇసుకలో సగం దిగబడిన ఒక చిన్న గవ్వ చుట్టూ నీళ్లు రెండు పాయలుగా చీలి, దాని వెనక సన్నని గాడి గీసుకుంటూ జారిపోతాయి. వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి ఐఎస్ఓ 100, లెన్సు రంధ్రం ఎఫ్/11, షట్టర్ తెరిచి ఉండే సమయం అర సెకను పెట్టి, కెమెరాను మోకాలి ఎత్తుకు దించి తీస్తే, ఆ నీటి చారలన్నీ దారాలు పరిచినట్టు సముద్రం వైపు సాగుతాయి. వెలుగు పెరిగే కొద్దీ అర సెకను ఎక్కువైపోతుంది కాబట్టి లెన్సు ముందు బిగించి వెలుగు తగ్గించే నల్లటి అద్దం, ఎన్.డి. ఫిల్టరు, ఒకటి వెంట ఉంచుకో. ఫైలు మాత్రం కెమెరా పట్టిన వివరాలన్నీ కుదించకుండా దాచే 'రా' (RAW) ఫార్మాట్‌లోనే ఉండనీ. అయినా ఆకాశం ఒకసారి పూర్తిగా తెల్లబడితే ఆ రంగు తిరిగి రాదు.

ట్రైపాడ్ కాళ్లను తడి ఇసుకలోకి బాగా గుచ్చి, రెండు అలలు పోయాకనే తీయడం మొదలుపెట్టు. ప్రతి అల కూడా కాళ్ల కింది ఇసుకను తోడుకుపోతుంది. మొదటి ఏడాది ఇది తెలియక ఒక ఉదయమంతా తీశాను. కెమెరా తెర మీద అన్నీ చక్కగా కనిపించాయి కానీ, ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తే ఒక్కటీ నిలకడగా లేదు, ఆ బాధ ఇప్పటికీ పోలేదు. లెన్సు మీద పడిన ఉప్పు తుంపరను పొడిగుడ్డతో రుద్దకు, గీతలు పడతాయి. మంచినీళ్లతో కాస్త తడిపిన మెత్తని బట్టతో అద్దు. బింబం పైకొచ్చాక పెద్ద లెన్సు బిగించి వ్యూఫైండర్‌లోంచి చూడవద్దు, కంటికి ప్రమాదం. తెర మీదే చూడు.

తెల్లవారాక అలివి వల, అంటే ఒడ్డు మీద నిలబడి తాళ్లతో లాగే పెద్ద చేపల వల, లాగేవాళ్లు కనబడితే, దగ్గరికి వెళ్లి మాట్లాడి, ఒప్పుకున్నాకనే తీద్దాం. కిందటేడు నేను అడిగినప్పుడు ఒక పెద్దాయన "తియ్యి బాబూ, కానీ తాడుకు అడ్డం రాకు" అన్నారు. ఆయన చేతులు, ఆ తాడు, వెనక నారింజరంగు నీళ్లు ఉన్న ఫొటో నా గోడ మీద ఉంది, వచ్చినప్పుడు చూద్దువుగాని.

బ్యాటరీలు రెండూ నింపుకుని, కనుమ నాటి రాత్రికి మా ఇంటికి వచ్చెయ్యి. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు