నిమిషం వీడియోల్లో మా మిర్చి యార్డు ఏది?

సంపాదకులకు నమస్కారం.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ మీద రైతుల సరుకు అమ్మిపెట్టే) దుకాణంలో గుమాస్తాను, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మా సేటు రోజూ పొద్దున ఐదున్నరకల్లా దుకాణం వాట్సాప్ గ్రూపులో ఒక షార్ట్ వీడియో పడేస్తాడు. టైమ్ మేనేజ్‌మెంట్, టీమ్‌ను నడిపించడం, టెన్షన్ లేకుండా పని చేయడం, ఇట్లాంటివి. గ్రూపులో ఉన్న ఆరుగురమూ దండం బొమ్మ పెడతాం, చూసేది ఇద్దరమే.

నాకు ఈ వీడియోల మీద కోపం లేదు, ముందే చెబుతున్నా. 2020 జూన్ చివర టిక్‌టాక్ బంద్ అయింది, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలోనే మొదట వచ్చాయి, అప్పటినుంచి సద్ది తినేటప్పుడు నేనూ చూస్తూనే ఉన్నా. 2024 అక్టోబర్ నుంచి మూడు నిమిషాల దాకా పెట్టుకోవచ్చన్నా, మేనేజ్‌మెంట్ చెప్పేవాళ్లు మాత్రం ఇంకా నిమిషంలోనే తేల్చేస్తున్నారు.

ఒకటి నిజంగా పనికొచ్చింది. టయోటా కంపెనీలో ఏ తేడా వచ్చినా "ఎందుకు" అని ఐదుసార్లు అడుగుతారట. అక్కడి ఇంజినీరు తాయిచి ఓనో చెప్పిన ఉదాహరణే ఆ వీడియోలో ఉంది. మిషన్ ఎందుకు ఆగింది? లోడ్ ఎక్కువై ఫ్యూజు పోయింది. లోడ్ ఎందుకు పెరిగింది? బేరింగుకు ఆయిల్ సరిగా అందలేదు. అట్లా అడుగుతూ పోతే, ఆయిల్ పంపుకు జాలీ లేక ఇనుప రజను లోపలికి పోయిందని తేలింది. ఫ్యూజు మార్చి ఊరుకుంటే మిషన్ మళ్లీ ఆగేదే.

పోయిన సీజన్‌లో మూడు రోజులు వరుసగా మా తక్‌పట్టిల్లో, అంటే రైతుకిచ్చే లెక్క చీటీల్లో, తూకం లెక్క తప్పింది. మామూలుగా అయితే రాసే పిల్లగాణ్ణి నాలుగు తిట్టేవాణ్ణి. ఆ వీడియో గుర్తొచ్చి కూర్చోబెట్టి అడిగా. లెక్క ఎందుకు తప్పింది? చిట్టీ చూసి ఎక్కించేటప్పుడు ఒకటి, ఏడు కలిసిపోయాయి. ఎందుకు కలిశాయి? చిట్టీలు జేబులో చెమటకు తడిసి అక్షరాలు అలికినట్టయ్యాయి. పెన్సిల్‌తో ఎందుకు రాశావురా అంటే వాడు తల దించుకుని, "తప్పు వస్తే చెరుపుకోవచ్చని పెన్సిల్‌తోని రాయమన్నది నువ్వే గదనే" అన్నాడు. నాలుగో "ఎందుకు" దాకా పోనేలేదు. ఇది మాత్రం ఏ వీడియోలోనూ చెప్పరు.

ఇక "బాస్‌కు నో చెప్పడం నేర్చుకోండి" అనే రకం ఉన్నాయి చూశారూ, అవి మడికొండ ఐటీ పార్కులో పనిచేసే మా అక్క కొడుకుకు పనికొస్తాయేమో. బండ్లు గేటు దాకా నిలబడ్డప్పుడు, మార్చి ఎండలో, మా సేటుకు నో చెప్పి చూడమనండి. మేం "చూద్దాం సేటూ" అంటాం, ఆయనకు అర్థమైపోతుంది.

అసలు నా బాధ ఏమిటంటే, ఈ వీడియోల్లో ఏసీ రూము, ల్యాప్‌టాపు, తెల్ల బోర్డు తప్ప హమాలీ, తూకం వేసే దడ్వాయి, కాంటా ఉన్న చోటు ఒక్కటీ కనబడదు. అక్కడ పని నేర్పేవాళ్లు లేరా? మొన్న ములుగు వైపు నుంచి వచ్చిన ఒక రైతు తేజ మిర్చి బస్తాల మీద కూర్చుని, జెండా పాట (పొద్దున మొదటి వేలం ధర) అంత పలికితే నాకెందుకు తక్కువని గట్టిగా అరుస్తున్నాడు. జెండా పాట మంచి సరుకున్న ఒక్క లాటుదే, అందరికీ ఆ ధర రాదు అని నేను ఎంత చెప్పినా వినలేదు. మా ముసలి దడ్వాయి మాట్లాడకుండా ఆయనకు చాయ్ ఇప్పించి, బస్తాలోంచి రెండు దోసిళ్లు తీసి తువ్వాలు మీద పోసి, తాలు కాయలు, అంటే రంగు పోయిన నాసి కాయలు, ఒక్కొక్కటే ఏరి ఆయన అరచేతిలో పెడుతూ పోయాడు. చేయి నిండేసరికి ఆ రైతు, "నా కొడుక్కు చెప్పిన, తాలు ఏరుమని" అని మెల్లగా అన్నాడు. కోపం పూర్తిగా పోలేదు కానీ ఆ తర్వాత మాతో మాట్లాడాడు.

మీ పత్రిక కూడా వీడియోలు చేస్తోంది కదా, సీజన్‌లో ఒకసారి ఇక్కడికి మనిషిని పంపండి. పొద్దున్నే పాట మొదలు కాకముందే రమ్మనండి, మూతికి కట్టుకోవడానికి దస్తీ తెచ్చుకోమనండి, ఘాటుకు తుమ్ములు ఆగవు.

ఇట్లు,
ఒక గుమాస్తా, ఎనుమాముల, వరంగల్