ఎం.జి.బి. ఇంజిన్ విషయంలో మీ కస్టమర్ కేర్ నిర్లక్ష్యంపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,
హైదరాబాద్ కార్యాలయం.

నమస్కారం.

బ్రిటన్‌లోని మీ పాత కార్ల విడిభాగాల దుకాణానికి చేసే ప్రతి ఫోనూ చివరికి హైదరాబాద్‌లోని మీ డెస్కుకే చేరుతోంది. ఇంగ్లిష్‌లో ఎంత చెప్పినా "నోట్ చేసుకున్నాం సార్" అన్న మాటే తప్ప పని కదల్లేదు. అందుకే తెలుగులో రాస్తున్నాను. అర్థం కాలేదని ఇక ఎవరూ అనకూడదు.

నేను ఆర్డర్ ఇచ్చింది 1966 ఎం.జి.బి. రోడ్‌స్టర్‌కి, అంటే పైకప్పు తెరుచుకునే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకి, రీకండిషన్ చేసిన ఎక్స్ఛేంజ్ ఇంజిన్ (పాతది అప్పగించి తీసుకునేది). పాత ఇంజిన్ ప్లేటు మీద ఉన్న అక్షరాలు 18జీబీ-ఆర్‌యూ-హెచ్. ఆ ప్లేటు ఫోటో ఆర్డర్‌తోనే పంపాను. క్రాంక్ షాఫ్ట్‌కి ఐదు బేరింగులున్న ఇంజిన్, ఓవర్‌డ్రైవ్ (టాప్ గేర్ పైన అదనపు గేరు లాంటిది) ఉన్న కారు, హై కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి-పెట్రోల్ మిశ్రమం నొక్కుడు నిష్పత్తి 8.8:1 అని ఆ అక్షరాలే చెబుతాయి. వచ్చిన క్రేట్‌లో ఉన్నది 18వీ రకం, 1971 తర్వాతి కార్లది.

గోడౌన్‌లో ఎవరో పొరపాటు పడ్డారు. అది మనుషులు చేసే పనే, దాన్ని నేను పట్టించుకోను. ఆ తర్వాత మీవాళ్లు నడిపిన తంతుకే నా కోపం.

మొదట మాట్లాడిన అమ్మాయి కారు నంబరు అడిగి, కంప్యూటర్‌లో కొట్టి, "1798 సీసీ పెట్రోల్ అని వస్తోంది సార్, మేం పంపిందీ 1798 సీసీయే, సరిపోతుంది" అంది. 1962 నుంచి 1980 దాకా ఆబింగ్డన్‌లో తయారైన నాలుగు సిలిండర్ల ఎం.జి.బి. అంతా 1798 సీసీయే! సీసీ చూసి ఇంజిన్ పంపడమంటే నడుం కొలత ఒక్కటే చూసి చొక్కా కుట్టడం. 1967 చివర్లో ఈ కారు రెండో రూపం మార్క్ టూ వచ్చినప్పుడు గేర్‌బాక్స్ మారింది, స్టార్టర్ మారింది, వాటితో పాటు ఇంజిన్ వెనక ప్లేటూ ఫ్లైవీల్ పళ్ల చక్రమూ మారాయి. మీరు పంపిన ఇంజిన్‌కి ఉన్న వెనక ప్లేటు నా కారు గేర్‌బాక్స్ ముందున్న బెల్ హౌసింగ్‌కి (క్లచ్‌ని కప్పే తొడుగుకి) కూర్చోదు. నా స్టార్టర్ దాని ఫ్లైవీల్‌తో పనిచేయదు.

ఇదంతా మళ్లీ మొదటి నుంచి ఇంకొకాయనకి చెప్పాను. ఆయన "టెక్నికల్ టీమ్‌కి పంపాను" అన్నారు. టెక్నికల్ టీమ్ నుంచి ఫోన్ రాలేదు గానీ "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చింది, టికెట్ మూసేశారు. కొత్త టికెట్ తెరిస్తే మళ్లీ కారు నంబరు, మళ్లీ ఫోటోలు. పాత ఫోటోలు కనిపించడం లేదట. ఒకరు పాత వెనక ప్లేటూ ఫ్లైవీల్ విప్పి కొత్తదానికి బిగించుకోమన్నారు. ఆ దారి ఉంది, కాదనను. కానీ అలా చేస్తే వెనక ప్లేటులో కొత్త ఆయిల్ సీల్ వేయాలి, క్రాంక్ చివర బుష్ లోపలి కొలత గేర్‌బాక్స్ షాఫ్ట్ ముక్కుకి సరిపోతుందో లేదో వెర్నియర్‌తో చూడాలి, ముందు ప్లేటు కూడా మౌంటింగులకి సరిపోవాలి. "అలా మారిస్తే వారంటీ ఉంటుందా?" అని అడిగితే లైన్ హోల్డ్‌లో పెట్టారు, తర్వాత కట్ అయింది. పిస్టన్లు 8.8:1వా, 8:1వా అన్న ప్రశ్నకి ఈరోజు దాకా జవాబు లేదు.

అన్నిటికన్నా బాధ పెట్టింది ఒక సూపర్‌వైజర్ గారి సలహా. "రోవర్ వీ8 స్టాక్‌లో ఉంది, అది తీసుకోండి" అన్నారు. అది ఎనిమిది సిలిండర్ల వేరే ఇంజిన్. 3528 సీసీ ఇంజిన్‌ని ఫస్ట్ గేర్‌కి సింక్రోమెష్ (గేర్లు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) లేని 1966 నాటి గేర్‌బాక్స్‌తో ఎలా నడపమంటారు? ఎగ్జాస్ట్ మానిఫోల్డుకి చోటెక్కడ? రేడియేటర్, క్రాస్‌మెంబర్ సంగతేంటి? అమ్మే వస్తువు గురించి ఇంత తెలియనివారు సూపర్‌వైజర్ ఎలా అయ్యారు?

ఎస్‌యూ కార్బురేటర్ సూదుల దగ్గర్నుంచి హెడ్ గాస్కెట్ల దాకా ఏళ్ల తరబడి మీ దగ్గరే కొన్నాను. పక్క దుకాణంలో చవగ్గా దొరికినా మీ మాట మీద నమ్మకంతో వచ్చాను. మన అంబాసిడర్‌లో తిరిగింది కూడా ఈ బీ సిరీస్ కుటుంబపు ఇంజినే, 1489 సీసీది. హైదరాబాద్‌లో కూర్చున్న మీకు ఇది పరాయి సరుకు కాదు. మీ పక్క వీధిలోని పాత మెకానిక్‌ని ఎవరినైనా అడిగినా, సీసీ ఒక్కటే చూసి ఇంజిన్ మార్చకూడదని చెప్పేవాడు.

సర్‌చార్జ్ డబ్బు కూడా మీ దగ్గరే ఉంది. పాత ఇంజిన్ అప్పగిస్తేనే అది వాపసు అంటున్నారు. సరైన ఇంజిన్ చేతికి రాకుండా, ప్లేటుతో సహా ఉన్న నా అసలు ఇంజిన్‌ని అప్పగించేది లేదు. 18జీబీ ఐదు బేరింగుల ఇంజినే పంపండి. ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు సీసం లేని పెట్రోల్‌కి తగ్గట్టు గట్టివి వేసి ఉండాలి. సిలిండర్ బోర్, క్రాంక్ ఏ సైజుకి కోశారో కాగితం మీద రాసివ్వాలి. మీ ఖర్చుతోనే లారీ పంపి ఈ క్రేట్‌ని తీసుకెళ్లాలి. ఇంజిన్‌ని ఎక్కడా బిగించలేదు, ఆయిల్ కూడా పోయలేదు. అలాంటి ఇంజిన్ లేకపోతే మొత్తం డబ్బు, సర్‌చార్జ్‌తో సహా, వెనక్కి ఇవ్వండి.

పద్నాలుగు రోజుల్లో పేరు పెట్టి సంతకం చేసిన జవాబు రాకపోతే క్రెడిట్ కార్డు బ్యాంకుకి అమ్మినవారితో పాటు కార్డు బ్యాంకునీ బాధ్యుల్ని చేసే 1974 కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ కింద క్లెయిమ్ పెడతాను. 2015 కన్స్యూమర్ రైట్స్ చట్టం కింద స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకీ వెళ్తాను. మూసేసిన టికెట్ల స్క్రీన్‌షాట్లన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిని ఎం.జి. క్లబ్బులన్నిటికీ పంపుతాను.

దయచేసి ఈ ఉత్తరానికి ఇంకో టికెట్ నంబరు పంపకండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
కవెంట్రీ