కడుపు తరుక్కుపోయింది బావా, ఆ మాటకి

ఒరేయ్ బావా,

సంక్రాంతికి ముందు రాసిన నీ ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను, తప్పు పూర్తిగా నాదే, క్షమించు. మీ చెల్లెలు బాగుంది, పెద్దదానికి టెన్త్ పరీక్షల టెన్షన్, చిన్నోడికి జలుబు తగ్గింది, అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. ఇంక అసలు సంగతి చెప్పనీ, లోపల ఆగడం లేదు.

మళ్ళీ చేరాను రా. పందొమ్మిదేళ్ళ తర్వాత, వేదాంత విద్యలోకి, అదే మన బైబిలు చదువులోకి. సికింద్రాబాద్‌లో సాయంత్రం క్లాసులు, వారానికి మూడు రోజులు, ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా. పొద్దున ఎనిమిదింటికి ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో కూర్చుంటే ఐదున్నరకి లేచి అటునుంచి అటే బస్సెక్కుతాను. నీకు ముందే ఎందుకు చెప్పలేదంటే మళ్ళీ మధ్యలో ఆగిపోతానేమోనని భయం వేసింది, రెండోసారి కూడా మానేశానని నీకు ఏ మొహంతో రాయను?

పోయిన గురువారం నెలాఖరు, కౌంటర్ దగ్గర జనం, తల పగిలిపోతోంది, క్లాసుకి వెళ్ళకూడదనే అనుకున్నాను. ఎలా వెళ్ళానో వెళ్ళాను, వెనక బెంచీలో కూర్చున్నాను. మా అయ్యగారు లూకా 15 తీశారు, ఇల్లు వదిలి పోయిన కొడుకు తిరిగొచ్చే కథ. నువ్వు హాస్టల్ మేడ మీద లాంతరు పట్టుకుని ప్రసంగించిన అధ్యాయమే (లాంతరు అనగానే నవ్వుతున్నావని తెలుసు). ‘వాడింక దూరముగా ఉన్నప్పుడు తండ్రి వానిని చూచి కనికరపడి, పరుగెత్తి’ అని చదివి, ‘కనికరపడి’ దగ్గర ఆగి, బోర్డు మీద గ్రీకులో రాశారు: ఎస్ప్లాంఖ్నిస్థే. స్ప్లాంఖ్నా అంటే పేగులు, గుండె, కాలేయం, మనిషి లోపల ఉన్నవన్నీ. ఈ క్రియ కొత్త నిబంధనలో పన్నెండుసార్లు వస్తుంది, అన్నీ మత్తయి, మార్కు, లూకాల్లోనే. లూకాలో మూడుసార్లు: కొడుకు పోయిన నాయీను విధవరాలి దగ్గర, దారిలో పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి దగ్గర, ఇక్కడ ఈ తండ్రి దగ్గర. మన తెలుగు బైబిల్లో సమరయుడు ‘జాలిపడి’ అని ఉంది, మిగతా రెండు చోట్లా ‘కనికరపడి’. గ్రీకులో మూడూ ఒకటే మాట! మనిద్దరం ఎన్నిసార్లు చదివాం రా, ఒక్కసారైనా పట్టుకున్నామా?

అప్పుడు అయ్యగారు, దీన్ని మీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చెప్పండి అన్నారు. ఎవరో ‘దయ’ అన్నారు, ఒకబ్బాయి ‘కరుణారసం’ అన్నాడు, నేను ‘చలించి’ అన్నాను. ముందు బెంచీలో ఒక అంగన్‌వాడీ టీచరమ్మ ఉంటుంది, యాభై దాటి ఉంటుంది, ఎప్పుడూ మాట్లాడదు, పగలంతా పిల్లలతో వేగి వస్తుంది. ఆవిడ లేచి, ‘కడుపు తరుక్కుపోయింది అంటాం కదండీ అయ్యగారూ’ అంది.

బావా, క్లాసంతా నిశ్శబ్దం. అయ్యగారు సుద్దముక్క కింద పెట్టేశారు. గ్రీకువాళ్ళు పేగుల్లో పెట్టిన మాటని మన అమ్మమ్మలు కడుపులో పెట్టారు రా! హీబ్రూలో కూడా కనికరానికి వాడే ‘రహమీమ్’, గర్భం అనే ‘రెహెమ్’, రెండింటిదీ ఒకే ధాతువట. నాకు ఒళ్ళు జలదరించింది, తలనొప్పి ఎటు పోయిందో తెలియదు.

ఇది నీకొక్కడికే చెప్పగలను. నాన్నకి పక్షవాతం వచ్చి నేను చదువు మానేసి ట్రంకుపెట్టెతో ఇంటికొచ్చిన రోజు నీకు తెలుసు, బస్సెక్కించింది నువ్వే. ఆ తర్వాతది నీకెప్పుడూ చెప్పలేదు. నాన్న మంచం మీద నుంచి నన్నూ, పెట్టెనీ చూసి, పనిచేసే చెయ్యి కడుపు మీద పెట్టుకుని, ‘కడుపులో దేవినట్టుంది రా’ అన్నాడు, మాట ముద్దగా. నేను గ్యాసేమో అనుకుని పరుగెత్తికెళ్ళి సోడా తెచ్చాను. తాగాడు కూడా. పోయి ఆరేళ్ళయింది, గురువారం రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక నాకు అర్థమైంది. ఆయన లేచి పరుగెత్తలేకపోయాడు కాబట్టి... ఇంక రాయలేను, వదిలెయ్.

ఆ రాత్రి మీ చెల్లెలు అన్నం పెట్టి ఏమైంది అని అడిగితే ఏడ్చాను.

ఇంకొకటి. 1805లో విశాఖపట్నం వచ్చిన మిషనరీ డెగ్రాంజెస్ దొర, ఆనందరాయరు కలిసి తెలుగు చేసిన సువార్తలు 1812లో బెంగాల్లోని సేరంపూరులో అచ్చయ్యాయి, వాటిలో లూకా కూడా ఉంది. అచ్చయ్యేసరికే దొర చనిపోయి రెండేళ్ళు. వాళ్ళిద్దరూ ఈ మాట దగ్గర ఎంతసేపు ఆగి ఉంటారో, ఆనందరాయరికి కడుపు గుర్తొచ్చి ఉంటుందా, గ్రంథానికి బాగుండదని మానేసి ఉంటాడా అని రోజూ ఆలోచిస్తున్నాను.

కష్టం లేదని కాదు. నోట్సు ముందు కళ్ళు మూతలు పడతాయి, మొన్న బస్సులో నిద్రపోయి మూడు స్టాపులు దాటిపోయాను. ఫీజు వాయిదాల్లో కడుతున్నాను. కానీ కౌంటర్ దగ్గర డబ్బు సరిపోక సంచీలో నోట్లు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకునేవాళ్ళని చూస్తుంటే ఇప్పుడు... ఎలా చెప్పాలో తెలియడం లేదు, కలిసినప్పుడు చెప్తాను.

నీ పాత గ్రీకు నిఘంటువు, చింతకాయ పచ్చడి మరక ఉన్నది, ఉంటే పంపించు. ఈస్టరు తర్వాత నీ సంఘానికి ఒక్క ఆదివారం వస్తాను, నాయీను విధవరాలి భాగం నన్ను చెప్పనిస్తావా? చెల్లెమ్మకి చెప్పు, గోంగూర

అయ్యగారు వచ్చేశారు రా, బోర్డు తుడుస్తున్నారు. ఉంటాను.

నీ
మూడో మంచం