వీధికుక్కల్ని చేరదీసేవారికి అండ ఏది?

దెబ్బతిన్న వీధికుక్కల్ని చేరదీసేవాళ్లకు నల్లగొండలో తిట్లు తప్ప తోడు దొరకడం లేదు. మా వీధి చివర టిఫిన్ బండి నడిపే ఒకామె మొన్న వానల్లో, బైకు గుద్ది వెనక కాలు విరిగిన కుక్కను గోనెసంచిలో చుట్టి ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. కట్టు కట్టారు. మానేదాకా ఉంచడానికి ఎక్కడా చోటు దొరక్క, నెల రోజులు బండి కిందే అట్టపెట్టె పరిచి సాకింది. ఇప్పుడది కుంటుకుంటూనే రాత్రిళ్లు బండికి కాపలా కాస్తోంది. అయినా ‘తిండి పెట్టి మరిగిస్తున్నావ్’ అని ఆమెతో రోజూ గొడవే. కుక్కకాటు భయం ఉత్తదని అనను, మా పిల్లాడూ సూదులు వేయించుకున్నాడు. కానీ పట్టుకెళ్లి ఊరవతల వదిలేస్తే ఆ ఖాళీలోకి టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు కూడా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలమంటున్నాయి. తిండి పెట్టడానికి చోటు చూపమంటున్నాయి. పట్టణ అధికారులు వార్డుకో చోటు గుర్తించాలి, గాయపడ్డ కుక్కల కోసం ఒక రేకుల షెడ్డయినా వేయాలి. ఇలాంటివాళ్లకు గుర్తింపు కార్డులిచ్చి, కుక్కల్ని పట్టే రోజు వెంట తీసుకెళ్లాలి. ఏ కుక్క ఏ గల్లీదో, ఆపరేషన్ గుర్తుగా దేని చెవికి గాటుందో వాళ్లకే తెలుసు.

– ఒక పాఠకుడు, నల్లగొండ