క్యారెక్టర్ నటుల సినిమాలను కాపాడండి: కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారాలు.

పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారమూ, పాత చిత్రాలను డిజిటల్ రూపంలోకి మార్చే జాతీయ చలనచిత్ర వారసత్వ మిషన్ కార్యక్రమమూ మీ శాఖ పరిధిలోనివే గనుక ఈ విన్నపాన్ని మీకే పంపుతున్నాను. భద్రపరచవలసిన సినిమాలను ఎంపిక చేసేటప్పుడు క్యారెక్టర్ నటుల కృషిని కూడా ఒక ప్రాతిపదికగా తీసుకోవాలని నా కోరిక. అది ఎందుకు అవసరమో ఎస్.వి. రంగారావు గారి నటజీవితాన్ని చూస్తే తెలుస్తుంది.

ఆయన 1918 జూలై 3న నూజివీడులో పుట్టారు. కాకినాడలో డిగ్రీ చదివి, అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేసి, 1946లో ‘వరూధిని’లో ప్రవరుడిగా వెండితెర మీదికి వచ్చారు. ఆ చిత్రం ఆడలేదు. జంషెడ్‌పూర్ వెళ్లి టాటా సంస్థలో ఉద్యోగంలో చేరారు గానీ నటన మీది మనసు చావక మళ్లీ మద్రాసు చేరుకున్నారు. 1951లో ‘పాతాళభైరవి’లోని నేపాళ మాంత్రికుడి వేషం ఆయన్ను ఇంటింటికీ పరిచయం చేసింది. అప్పటినుంచి 1974 జూలై 18న కన్నుమూసేదాకా తెలుగు, తమిళ చిత్రాలలో ఆయన వేసిన తండ్రులూ జమీందారులూ రాక్షసులూ రాజులూ లెక్కకు మిక్కిలి.

‘మాయాబజార్’ను తీసుకోండి. ఘటోత్కచుడు మాయతో ధరించిన శశిరేఖ రూపంలో సావిత్రి గారు నటించిన ఘట్టాలలో ఆ సుకుమారి నడకలోనూ చేతుల విసురులోనూ ఘటోత్కచుడు కనబడుతుంటే ప్రేక్షకులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. అయితే ఆ ఘటోత్కచుడి ఠీవి ఎలాంటిదో అంతకుముందే రంగారావు గారు మన కళ్లకు కట్టి ఉండకపోతే, సావిత్రి గారు అంత గొప్పగా చేసిన ఆ అభినయంలో సగం మనకు అందేదే కాదు. ఒక నటుడు తాను తెర మీద లేని దృశ్యాన్ని కూడా నిలబెట్టడమంటే ఇదే. రెండేళ్లు వెనక్కి వెళ్లి 1955లో బి.ఎన్. రెడ్డి గారు తీసిన ‘బంగారుపాప’ చూస్తే, అదే భారీ విగ్రహం, అదే గంభీరమైన గొంతు, దిక్కులేని పసిపాపను చేరదీసిన కరకు మనిషిలో ఎంతగా మెత్తబడ్డాయో కనిపిస్తుంది. 1963 నాటి ‘నర్తనశాల’లో కీచకుడిగా నటించినందుకు ఆయనకు జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి పురస్కారం లభించింది.

ఈ పేరున్న చిత్రాలకు ఇప్పట్లో వచ్చిన ప్రమాదమేమీ లేదు. నా బాధ మిగిలినవాటి గురించి. కథానాయకుడి కీర్తి కొన్ని ఘనవిజయాల మీద నిలుస్తుంది, వాటిని కాపాడితే ఆయన చాలావరకు దక్కుతాడు. క్యారెక్టర్ నటుడి జీవితకాలపు పని మాత్రం ఆడినవీ ఆడనివీ, మంచివీ నాసివీ అయిన వందలాది సినిమాలలో, ఒక్కోదానిలో నాలుగైదు దృశ్యాలుగా చెదిరి ఉంటుంది. కథ బలహీనంగా ఉన్న చిత్రంలోనే ఒక్కోసారి ఆయన నటన ఎక్కువ వెలుగుతుంది, ఎందుకంటే అక్కడ బరువంతా ఆయనే మోయాలి. కళాఖండాలనూ, అగ్రనటుల చిత్రాలనూ మాత్రమే ఎంచుకుంటే రంగారావు, సూర్యకాంతం, గుమ్మడి, రేలంగి వంటివారి పనిలో అధికభాగం మన చేతులారా వదులుకున్నట్టే.

వ్యవధి కూడా ఎక్కువ లేదు. 1950ల తొలినాళ్లదాకా వాడుకలో ఉన్న నైట్రేట్ ఫిల్మ్ ఇట్టే అంటుకునే పదార్థం. తరువాత వచ్చిన ఎసిటేట్ ఫిల్మ్ వేడికీ తేమకూ పాడై, వెనిగర్ వాసన వేస్తూ ముడుచుకుపోతుంది. ఆ దశకు చేరిన రీలును మునుపటి స్థితికి తేవడం అసాధ్యం.

రంగారావు గారి బొమ్మతో 2013లో తపాలా బిళ్ళ వచ్చింది. నంది పురస్కారాలలో ఉత్తమ క్యారెక్టర్ నటుడికిచ్చే బహుమతికి ఆయన పేరే పెట్టారు. ఆ గౌరవాలు నాకెంతో సంతోషం. కానీ నటుడికి దక్కవలసిన మొదటి గౌరవం ఆయన నటన రేపటివారికి కనబడడం.

అందుచేత ఎంపిక సంఘాలలో ఆయా భాషల నటనా చరిత్ర తెలిసినవారికి చోటు కల్పించండి. తెలుగు, తమిళాలలో రెండు రూపాలుగా తీసిన చిత్రాలను ఒకటి ఉంటే చాలునని సరిపెట్టక, రెండింటినీ విడివిడిగా భద్రపరచండి. ఒకే పాత్రను ఆ నటుడు రెండు భాషల్లో ఎలా పలికాడో పోల్చి చూసే అవకాశం విద్యార్థులకు అలాగే దొరుకుతుంది. భాండాగారపు సూచికలో చిన్న వేషధారుల పేర్లను సైతం పాత్రలతో సహా నమోదు చేయించండి. ఆనాటి సెట్లలో పనిచేసినవారిలో మన మధ్య ఉన్నవారి జ్ఞాపకాలను వెంటనే రికార్డు చేయించండి. తొలి విడతగా రంగారావు గారి చిత్రాలలో భాండాగారం వద్ద ఏవేవి ఉన్నాయో, అవి ఏ స్థితిలో ఉన్నాయో తెలిపే జాబితాను ప్రకటిస్తే, లేనివాటి కోసం పాత నిర్మాతల, పంపిణీదారుల కుటుంబాలను అడిగి వెతికే పనిలో మాలాంటివారం చేయగలిగినంత సాయం చేస్తాం.

భవదీయుడు,
ఒక తెలుగు ప్రేక్షకుడు